ఘనీభవించిన నేలపై బాట

ఏడాది పొడవునను గడ్డకట్టియుండు అలాస్కా భూమిపై బాట వేయువారి విద్య నాకు మిక్కిలి ఆదరణీయము. నల్లని తారు ఎండను పీల్చి అడుగుననున్న మంచును కరగించినచో, దానినే ఆధారముగా గొన్న మార్గము కుంగి వంకరలువోవును. కావుననే 1969లో చిటినా సమీపమున, మన ఊళ్లలో మంచుదిమ్మను రంపపుపొట్టులో దాచినట్లు, బాటక్రింద పాలీస్టైరీన్ పలకలను పరచిరి. అయితే వేసవి వేడిమిని అడ్డగించు పలక శీతకాలపు చలిని సైతము అడ్డగించును గదా! అందుచేత నేల మిక్కిలి చల్లబడియున్న శీతకాలాంతమున, ఆ చలి చెదరకముందే, పలకలను అంచులు కలియునట్లు పేర్చి, బండ్ల బరువునకు నలగకుండ పైన తగినంత కంకర పోయుటలోనే పనివారి నేర్పంతయు నున్నది. పలకలు చేరని కట్టవాలులయందు మాత్రము కరగుట ఆగదు. అచట వారింకను పెనగులాడుచునే యున్నారు.