మూడు పడితే బంతికి మంట

ఒకే ఆటగాడు వరసగా మూడు బంతులు వలలో వేస్తే, నాలుగోసారి అతని చేతికొచ్చిన బంతి అంటుకుంటుంది. పొగ చిమ్ముకుంటూ వెళ్ళి వలను కాల్చేస్తుంది. ‘హీ ఈజ్ ఆన్ ఫైర్’ అని వ్యాఖ్యాత గొంతు చించుకుంటాడు. బాస్కెట్‌బాల్ పుస్తకంలో ఎక్కడా లేని ఈ సూత్రాన్ని కనిపెట్టినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. 1993లో షికాగోలోని మిడ్‌వే కంపెనీ ‘ఎన్‌బీఏ జామ్’ను వీడియో గేమ్ పార్లర్లకు పంపింది. ఆ తర్వాత బాస్కెట్‌బాల్ మీద ఎన్ని వీడియో గేములు వచ్చాయో లెక్కలేదు. వాటిలో చాలావాటికి బొమ్మలు ఇంతకంటే అందంగా ఉంటాయి, నియమాలు ఇంతకంటే నికరంగా ఉంటాయి. అయినా ఆ మంట ముందు అవన్నీ చల్లగానే కనిపిస్తాయి నాకు.

ఆట స్వరూపం చాలా చిన్నది. జట్టుకు ఐదుగురు కాదు, ఇద్దరే. మూడేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. చేతికింద ఒక జాయ్‌స్టిక్, మూడు బటన్లు: ఒకటి బంతి వేయడానికి, ఒకటి అందించడానికి, ఇంకొకటి టర్బో. ఫౌల్ అన్న మాటే లేదు. టర్బో నొక్కి పట్టుకుని బంతి లాక్కునే బటన్ కొడితే ఎదుటివాడు ఎగిరి నేలమీద పడతాడు, రిఫరీ విజిల్ ఊదడు. వలకేసి దిగుతున్న బంతిని చేత్తో కొట్టేస్తే మాత్రం గోల్‌టెండింగ్ ఇస్తారు. బంతి పట్టుకుని దాటవేస్తూ కూర్చుంటే ఇరవై నాలుగు సెకన్ల గడియారం ఊరుకోదు. ఏది తీసేయాలో, ఏది ఉంచాలో ఇంత తెలివిగా తేల్చుకున్న ఆట మరొకటి నేను చూడలేదు. పిరికితనానికి శిక్ష ఉంది, దూకుడుకు లేదు.

అయితే చేతికి దొరికిన బటనల్లా కొట్టేస్తే గెలుస్తామనుకుంటే పొరపాటు. దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ కొట్టాలంటే, ఎగిరిన మనిషి గాలిలో అన్నిటికంటే ఎత్తున ఉన్న క్షణంలో బటన్ వదలాలి. కాస్త ముందు వదిలినా, కిందికి దిగుతుండగా వదిలినా బంతి ఇనుప రింగుకు తగిలి బయటికే వస్తుంది. ఎదుటివాడు డంక్‌కు లేచినప్పుడు వాడితోపాటే లేచేవాడు కొత్తవాడు. చేయి తిరిగినవాడు రెప్పపాటు ఆగి, టర్బోతో లేచి, బంతి రింగు దగ్గరికి చేరేలోపు గాలిలోనే తన్ని పంపుతాడు. టర్బో గీత తరుగుతూ ఉంటుంది కాబట్టి దాన్ని పరుగులో తగలేయాలా, తోపుడుకు దాచాలా, చివరి ఎగురుకు మిగుల్చుకోవాలా అన్నది మెదడుకు పని. జట్టును ఎంచుకునేటప్పుడు తెర మీద కనిపించే నాలుగు లెక్కలు (వేగం, మూడు పాయింట్ల షాట్, డంక్, డిఫెన్స్) చదవడం వచ్చినవాడు సగం ఆట అక్కడే గెలుస్తాడు. యూటా జట్టులో బయటినుంచి కొట్టడానికి స్టాక్‌టన్, లోపల గుద్దుకుంటూ వెళ్ళడానికి మలోన్. అలాంటి జోడీ చేతిలో ఉంటే ఎదుటివాళ్ళు ఎక్కడ నిలబడాలో తెలియక చస్తారు.

ఇక మంట సంగతి. రెండు బంతులు పడగానే, వేడెక్కుతున్నాడని వ్యాఖ్యాత చెప్పేస్తాడు. అంటే రహస్యం లేదు, గదిలో ఉన్న అందరికీ తెలిసిపోతుంది. అక్కడినుంచి ఆట రెండింతలవుతుంది. జోడీలో రెండోవాడు తాను వేయగలిగినా వేయకుండా బంతిని వేడెక్కినవాడికే అందించాలి. ఎదుటి ఇద్దరూ వాడొక్కడి మీదే పడతారు. మంట అంటుకున్నాక వాడికి టర్బో తరగదు, గోల్‌టెండింగ్ లేదు, ఎక్కడినుంచి విసిరినా పడేట్టే ఉంటుంది. ఎదుటివాళ్ళు ఒక్క బంతి వేస్తే చాలు, ఆ మంట ఆరిపోతుంది. లేదా వాడే ఇంకో నాలుగు వేశాక తనంతట తానే చల్లబడతాడు. 2021లో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు జరిగిన సూర్యాపేటలో ఈ సంగతి కొత్తగా వివరించనక్కర్లేదు. రెయిడర్ ఊపులో ఉన్నప్పుడు ఏడుగురూ గొలుసు బిగించి వాడొక్కడి కాలికోసం కాచుకుంటారే, సరిగ్గా ఆ ఉత్కంఠే ఇక్కడ నలుగురి మధ్య నడుస్తుంది.

ఇంతటి ఆటను తీర్చినవాడు మార్క్ టర్మెల్. పద్దెనిమిది నిండకముందే ఆపిల్ కంప్యూటర్ల మీద గేములు రాయడం మొదలుపెట్టి, 1990లో యూజీన్ జార్విస్‌తో కలిసి ‘స్మాష్ టీవీ’ చేసిన మనిషి. పక్కన సాల్ డివిటా, జేమీ రివెట్, టోనీ గాస్కీ, సంగీతం చూసిన జాన్ హే. గుప్పెడు మంది. డివిటాను మరోచోట మీరు చూసే ఉంటారు: ‘మోర్టల్ కాంబాట్ 3’లో నైట్‌వుల్ఫ్‌గా కనిపించే మనిషి ఆయనే. మనుషుల్ని వీడియో తీసి, ఒక్కో ఫ్రేమును కత్తిరించి తెర మీదికి ఎక్కించే పద్ధతిలో మిడ్‌వేకు అప్పటికే చేయి తిరిగి ఉంది. స్టీఫెన్ హోవార్డ్ లాంటి బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు కెమెరా ముందు పరిగెత్తి, ఎగిరి, పడి చూపించారు. ఆ ఒళ్ళ మీద ఎన్‌బీఏ తారల తలలు అతికించారు. తలలు కొంచెం పెద్దవి. అది కూడా తెలివే. అంత చిన్న బొమ్మలో ఎవరు ఎవరో గుర్తుపట్టాలంటే తల పెద్దదే కావాలి. మనుషులు తెర అంత ఎత్తుకు ఎగిరి, గాలిలో రెండు మూడు పల్టీలు కొట్టి బంతిని రింగులో గుద్దుతుంటే అది అబద్ధమని మనసుకు తెలుసు. కానీ ఆ ఒళ్ళు నిజమైన మనిషి ఒళ్ళు కావడంతో కన్ను నమ్మేస్తుంది. గీసిన బొమ్మ ఎగిరితే మనకేం ఆశ్చర్యం?

గొంతు టిమ్ కిట్జ్‌రోది. షికాగో నాటకరంగంలో హాస్యం నేర్చిన ఆయన పిన్‌బాల్ పెట్టెలకు మాటలు చెప్పుకుంటూ వచ్చి ఈ ఆటలో పడ్డాడు. ‘బూమ్‌షకలక’ అన్న అరుపు ఇవాళ అమెరికాలో ఈ ఆట ఆడనివాళ్ళకు కూడా తెలుసు. అంత పేరు తెచ్చిన గొంతుకు ఇచ్చింది గంటల లెక్కన కూలీ. ఏడాదిలోపే ఈ పెట్టెల్లో వంద కోట్ల డాలర్ల చిల్లర పడిందని చెప్పుకుంటారు. అందులో ఆ గొంతు వాటా ఎంతో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

టర్మెల్‌కూ పక్షపాతం ఉంది. ఆయన డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. ఆ రోజుల్లో షికాగో బుల్స్ అంటే పిస్టన్స్ వాళ్ళకు పడేది కాదు. అందుకని ఆటలో ఒక కీలు పెట్టాడు: పిస్టన్స్‌తో హోరాహోరీగా నడిచే ఆటలో బుల్స్ ఆఖరి క్షణంలో వేసే షాట్లు తప్పిపోతాయి. కొన్నేళ్ళ తర్వాత ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. మైకేల్ జోర్డాన్ పేరు వాడుకునే హక్కులు వేరుగా ఉండటంతో ఆయన ఆటలో లేనే లేడు. తర్వాత జోర్డాన్, గ్యారీ పేటన్‌ల కోసం ప్రత్యేకంగా కొన్ని పెట్టెలు చేసిచ్చారట. షకీల్ ఓనీల్ అయితే పెట్టెలు కొనుక్కున్నాడు. 1994లో ఇళ్ళకొచ్చిన క్యాసెట్లలో రహస్య కోడ్ కొడితే అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటనే దిగి డంక్ కొడతాడు!

ఇక్కడినుంచి అభిమానుల మధ్య తగువు మొదలవుతుంది. మా బృందం కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల్లో చెదిరి ఉంది. మొదటి ఆటే అసలు ఆట, ఆ తర్వాతవన్నీ మసాలా అంటాడు సూర్యాపేట మిత్రుడు. మిర్యాలగూడ తమ్ముడిది ‘టోర్నమెంట్ ఎడిషన్’ పక్షం. ఆటగాళ్ళ జాబితా పెరిగింది, నేల మీద ఎక్కువ పాయింట్లిచ్చే చోట్లు వచ్చాయి, క్వార్టర్ల మధ్య మనిషిని మార్చుకోవచ్చు అని వాదిస్తాడు. నేను, కోదాడ అన్న ఒక పక్క. మాది 1996 నాటి ‘హ్యాంగ్‌టైమ్’. సొంత ఆటగాణ్ణి తయారుచేసుకుని, పేరు పెట్టి, తల ఎంచుకుని, ఆడేకొద్దీ పెంచుకునే వీలు అందులోనే వచ్చింది. ఒకడు బంతిని పైకి విసిరితే రెండోవాడు గాలిలో అందుకుని గుద్దే ఆలీ‌-ఊప్, ఇద్దరూ కలిసి లేచే డబుల్ డంక్, జట్టు మొత్తానికి అంటుకునే మంట కూడా దాంట్లోవే. మొదటి ఆటలో ఒకడే వీరుడైతే హ్యాంగ్‌టైమ్‌లో జోడీయే వీరుడు. ఇంతకంటే ఏం కావాలి?

వెనకబడినవాడికి కంప్యూటర్ రహస్యంగా సాయం చేస్తుందన్న ఫిర్యాదు కూడా ఎప్పుడూ ఉంది. అది నిజమే. ముందున్నవాడి షాట్లు తప్పడం, వెనకున్నవాడివి పడటం కళ్ళారా తెలుస్తుంది. దాన్ని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. ప్రతి క్వార్టర్‌కూ మళ్ళీ నాణెం వేయాల్సిన చోట, పక్కనున్న పిల్లవాడు ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడి ఏడుస్తూ పోతే ఆ ఆట ఎవరికి? ఇంట్లో ఆడేటప్పుడు కావాలంటే ఆ సాయం ఆపుకోవచ్చు, ఆ మీట ఇచ్చారు.

ఇక ఈ ఆటకు జరిగిన అన్యాయం ఒకటుంది. ఇళ్ళకు క్యాసెట్లు అమ్మిన అక్లైమ్ కంపెనీ ‘జామ్’ అన్న పేరును తన చేతుల్లోకి తీసుకుంది. ఆట చేసిన చేతులు మిడ్‌వేలో ఉండిపోయాయి. టర్మెల్ బృందం తమ తర్వాతి ఆటకు తమ సొంత పేరే పెట్టుకోలేక ‘హ్యాంగ్‌టైమ్’ అని పెట్టుకుంటే, అదే ఏడాది అక్లైమ్ ‘ఎన్‌బీఏ జామ్ ఎక్స్‌ట్రీమ్’ అని ఒకటి విడుదల చేసింది. పేరు ఉంది, మంట ఉంది, అరుపులు ఉన్నాయి. కిట్జ్‌రో లేడు, మార్వ్ ఆల్బర్ట్‌ను తెచ్చారు. ఆల్బర్ట్ గొప్ప వ్యాఖ్యాతే, కాదనను, కానీ అది ఆయన చోటు కాదు. మనుషుల్ని త్రీడీ దిమ్మెలుగా మార్చారు. ఎగిరినప్పుడు బరువు లేదు, తోసినప్పుడు దెబ్బ లేదు, బటన్ వదిలే క్షణానికి విలువ లేదు. పేరు చూసి డబ్బు పెట్టిన పిల్లలకు అమ్మింది అదీ. నకలు ఎప్పుడూ ఇలాగే చేస్తుంది: పైకి కనిపించేది మొత్తం ఎత్తుకుపోతుంది, కనిపించని కొలతను వదిలేస్తుంది.

మిడ్‌వే వాళ్ళు 1999లో ‘షోటైమ్’ చేశారు, బాగానే ఉంది. 2001 నాటి ‘హూప్స్’ గురించి నేను మాట్లాడను. 2004లో అక్లైమ్, 2009లో మిడ్‌వే దివాలా తీశాయి. 2010లో ఈఏ స్పోర్ట్స్ ‘జామ్’ను మళ్ళీ తెచ్చినప్పుడు కొంత న్యాయం జరిగింది. అప్పటికి ఆ కంపెనీలో ఉన్న టర్మెల్ సలహాలిచ్చాడు, కిట్జ్‌రో మళ్ళీ మైకు ముందుకొచ్చాడు. మరుసటి ఏడాది ‘ఆన్ ఫైర్ ఎడిషన్’ వచ్చింది. కొత్త చేతులు పాత చేతిని గౌరవించి చేసిన పని అది, సంతోషంగా ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఇంటికి సరిపడే చిన్న పెట్టెలో జామ్, టోర్నమెంట్ ఎడిషన్, హ్యాంగ్‌టైమ్ మూడూ కలిపి ఆర్కేడ్‌వన్‌అప్ అనే కంపెనీ అమ్మింది. కోదాడ నుంచి డల్లాస్ వెళ్ళి స్థిరపడ్డ ఒకతని గ్యారేజీలో అది ఉంది. శనివారం రాత్రి అక్కడ మన తెలుగు కుర్రాళ్ళు అరుస్తుంటే ఫోన్‌లో వినిపిస్తుంది, ఇక్కడ మాకు అసూయ.

నలుగురు నిలబడే ఆ పెద్ద పెట్టె మన వైపు నేను చూళ్ళేదు. మనకు దక్కినవి రెండు జాయ్‌స్టిక్‌ల పెట్టెలు. రూపాయి బిళ్ళ వేసి ‘ముస్తఫా’ ఆడిన తరం మాది. దాని అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని చాలామందికి ఇప్పటికీ తెలియదు. జామ్ మాకు నెట్ సెంటర్లో, కంప్యూటర్ మీద ఎమ్యులేటర్‌లో దొరికింది. ఒక కీబోర్డు మీద ఇద్దరు, భుజాలు రాసుకుంటూ. బాస్కెట్‌బాల్ కోర్టు ముఖం చూడనివాడు కూడా పది నిమిషాల్లో పాస్ అంటే ఏమిటో, జోడీ అంటే ఏమిటో తెలుసుకున్నాడు. ఆ వీడియో గేమ్ షాపులు మూతపడ్డాయి. ఆ చోట్లలో ఇప్పుడు మొబైల్ రిపేర్ దుకాణాలు, కర్రీ పాయింట్లు.

వాటి బదులు ఫోన్లలో వచ్చిన బాస్కెట్‌బాల్ గేములు చూస్తే ఒళ్ళు మండుతుంది. మంట పెట్టారు, పెద్ద తలలు పెట్టారు, అరుపులు పెట్టారు, అంతా జామ్ దగ్గర దొంగిలించిందే. కానీ మంట కావాలంటే మూడు బంతులు వేయక్కర్లేదు, కాయిన్ల మూట కొనుక్కుంటే చాలు. మంచి ఆటగాడు కావాలంటే పెట్టె తెరవాలి, పెట్టె తెరవాలంటే యూపీఐలో డబ్బు కట్టాలి. ఆరో తరగతి పిల్లవాడికి నైపుణ్యం అంటే నాన్న ఫోన్ పిన్ నంబరని నేర్పుతున్నారు. ఎదురుగా ఆడుతున్నది మనిషో యంత్రమో కూడా తెలియదు. ఓడిస్తే నవ్వే ముఖం లేదు, ఓడితే వీపు మీద చరిచే చెయ్యి లేదు.

అందుకే అడుగుతున్నాను. పాత వీడియో గేమ్ షాపు నడిపిన అన్నలు మన మూడు పట్టణాల్లో ఇంకా ఉన్నారు. మీ గోడౌన్లో మూల పడి ఉన్న పెట్టెలు, లోపలి బోర్డులు, జాయ్‌స్టిక్‌లు దయచేసి పాత ఇనుప సామాను వాళ్ళకు తూకానికి వేయకండి. బోర్డు చెడినా చెక్క పెట్టె పనికొస్తుంది. తెర పోయినా బటన్లు పనికొస్తాయి. బాగుచేసే కుర్రాళ్ళు ఉన్నారు, అడిగితే వస్తారు. పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళు దాన్ని టీవీకి తగిలించి నాలుగు కంట్రోలర్లు పెట్టండి. సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చిన పిల్లల్ని ఫోన్లు పక్కన పెట్టించి జోడీలుగా కూర్చోబెట్టండి. మిర్యాలగూడ తమ్ముడు మొదట టోర్నమెంట్ ఎడిషనే పెట్టాలని పట్టుబడతాడు, పెట్టనివ్వండి. రెండో రోజు మాత్రం హ్యాంగ్‌టైమ్, అందులో రాజీ లేదు.