కమలిని లేఖ : ‘దిద్దుబాటు’ కథలో స్త్రీ స్థితి

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ యందు ప్రకటితమైనది. దీనిని సంఘసంస్కరణ కథ యనుట పరిపాటి. అయితే ఇందు సంస్కరింపబడినవాడు సంస్కరణాభిమానియే యగుట గమనింపదగినది.

గోపాలరావు విద్యావంతుడు. భార్య భర్తతో సమానమని నమ్మినవాడు. సేవకుడైన రామునికి పార్వతీపరమేశ్వరుల అర్ధశరీరమును ఉదాహరించి యీ ధర్మమును బోధించును. ఆ బోధ జరుగునది అతడు సానిపాట విని అర్ధరాత్రము దాటి యిల్లు చేరిన పిదప! సిద్ధాంతమునకును ఆచరణమునకును గల యీ యంతరమును రచయిత సన్నివేశముచేతనే తెలిపెను.

కమలిని భర్తతో ముఖాముఖి వాదింపదు. ఆమె పక్షమున మాటాడునది లేఖ. కట్టకడపట మంచముక్రింద నుండి వినవచ్చునది నవ్వు. సంభాషణలు వ్యవహారభాషలో నుండగా లేఖ గ్రాంథికమున నున్నది. ప్రియసంబోధన తొలగి గౌరవసంబోధన నిలిచినది. తాను ఇంట నుండుటచేతనే భర్త అసత్యమాడవలసివచ్చెను గాన పుట్టింటికి పోవుట మేలని ఆమె వ్రాసెను. పతివ్రతాధర్మపు పరిభాషతోనే పతిని నిలదీయుట యీ లేఖయందలి ప్రౌఢి.

భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ (1902) లోను దారి తప్పబోయిన భర్తను నిలిపినది భార్యయే. తప్పు పురుషునిది, దిద్దు భారము స్త్రీది. ఈ భారవిభజనమే నాటి స్త్రీ స్థితికి నిదర్శనము. ‘కన్యాశుల్కము’న మధురవాణికి వాక్కు నొసగిన గురజాడ, ఇచ్చట పాట పాడిన స్త్రీకి మాట నీయలేదు. దిద్దుబాటు ఇంటి గడపలోపలనే ముగిసినది.

కమలినికి రెండు బలములు గలవు : అక్షరము, పుట్టిల్లు. ఈ రెండును లేని స్త్రీ యేమి చేయవలెను? ఈ ప్రశ్న పశ్చిమ ప్రకాశమునందలి పాఠకునకు దూరమైనది కాదు. పలకలకు ప్రసిద్ధి వడసిన మార్కాపురమున ఆ పరిశ్రమలో స్త్రీలును, ఒకప్పుడు బాలికలును శ్రమించిరి. ఊరూర బిడ్డలు అక్షరములు దిద్దిన పలకను చేసిన బాలికలలో ఎందరికి ఆ పలకపై తమ పేరు వ్రాసికొను భాగ్యము కలిగెనో విచారింపదగును.

కావున ‘దిద్దుబాటు’ను భర్త మారిన కథగా మాత్రమే బోధించుట చాలదు. చదువు స్త్రీ చేతికి వచ్చినప్పుడు గృహమందలి అధికారము ఎట్లు కదలునో చూపిన కథగా దానిని పఠింపవలెను. గోపాలరావు చదువును సమర్థించినాడు. కమలిని దానిని ప్రయోగించినది.