డిక్కీలో గోనెసంచి

ఇంజన్ ఠక్కున ఆగిపోతే కరెంటు పని, దగ్గి దగ్గి ఆగితే పెట్రోలు పని. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన డ్రైవర్లు బానెట్ ఎత్తకముందే సగం రోగం ఇలా పట్టేస్తారు. మిగతా సగానికి డిక్కీలో ఒక మూల గోనెసంచి ఉంటుంది. నూనె మరకలతో నల్లబడి, పట్టుకుంటే చెయ్యంతా మురికయ్యే ఆ సంచిలో ఏముందో చూస్తే ఆ మనిషి బండి గురించి ఎంత తెలిసినవాడో చెప్పెయ్యొచ్చు.

బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి ఇది దేశవాళీ రూపం. దశాబ్దాల పాటు దాన్ని లాగింది 1489 సీసీ పెట్రోలు ఇంజన్. అందులో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. చెడిపోవడానికి ఉన్నవే తక్కువ, అవి కూడా దాదాపు ప్రతిసారీ ఒకే తీరున చెడిపోతాయి. ఈరోజు పాత బండిని ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లలో చాలామంది ఈ సంగతి పట్టించుకోకుండా డిక్కీ నిండా మెరిసే స్పానర్ సెట్లు పేరుస్తారు. నలభై పానాలుంటాయి, రోటార్ మాత్రం ఉండదు.

అసలు కథంతా డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉంది. మూతకి ఇటొకటి అటొకటి క్లిప్పులు. బొటనవేలితో నొక్కి లాగితే మూత ఊడొస్తుంది. లోపల నల్లటి రోటార్, దాని కింద పాయింట్లు, పక్కనే చిటికెన వేలి కణుపంత కండెన్సర్. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఈ పాయింట్లు 6,000 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ ఒక ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. అంత చాకిరీకి పాయింట్ల మొహాలు కాలి నల్లబడతాయి, మధ్య సందు మారిపోతుంది, బండి మొరాయిస్తుంది.

దీనికి కావలసింది రెండంగుళాల ఎమ్రీ పేపరు ముక్క. గరుకు రెండువైపులా వచ్చేలా మడిచి పాయింట్ల మధ్య నాలుగైదుసార్లు లాగి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. వేలి జిడ్డు తగిలినా మళ్లీ మొదటికే వస్తుంది. తరువాత ఇంజన్‌ని మెల్లగా తిప్పుతూ పాయింట్ల మడమ కామ్ శిఖరం మీదికి వచ్చినప్పుడు ఆపి, సందు కొలవాలి. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 15, మెకానిక్కుల మాటలో 15 థౌ, దగ్గరదగ్గర 0.4 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేకపోతే జేబులో విజిటింగ్ కార్డు ఉంటుంది, దాని మందం ఇంచుమించు అంతే. ప్లగ్గుల సందు 25 థౌ. దానికి హ్యాక్సా బ్లేడు సరిపోతుంది. కొలత తెలిసినవాడికి పనిముట్టు లేకపోయినా ఆటే ఇబ్బంది ఉండదు.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యలోకి వచ్చే తీగని ఊడదీసి, పొడిగుడ్డతో పట్టుకుని, కొసని ఇంజన్ ఇనుముకి పావు అంగుళం దూరంలో ఉంచి స్టార్టర్ తిప్పిస్తే రోగం బయటపడుతుంది. దగ్గర్లో పెట్రోలు కారడం లేదని ముందే చూసుకోవాలి. నిప్పురవ్వ నీలంగా టప్‌మని దూకిందంటే అంతవరకూ కరెంటు బాగున్నట్టే, రోటార్ని, మూతని చూడాలి. పసుప్పచ్చగా నీరసంగా వచ్చిందంటే ముందు కండెన్సర్‌ని అనుమానించాలి. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికే బండిలో సాధారణంగా దోషి అదే, లేకపోతే కాయిల్.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇప్పుడు దొరికే రోటార్లు, కండెన్సర్లు అన్నీ పాతవాటంత గట్టివి కావు, పెట్టెలోంచి తీసిన కొత్తదే పనిచెయ్యని సందర్భాలూ ఉంటాయి. అందుకని అనుభవజ్ఞులు విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో కొన్న కొత్త రోటార్ని సంచిలో వెయ్యరు. ముందు బండికి బిగిస్తారు. అప్పటిదాకా నిక్షేపంగా పనిచేసినదాన్ని తీసి, నూనెగుడ్డలో చుట్టి సంచిలో పెడతారు. కొత్తది దారిలో మోసం చేస్తే చేతికి తగిలేది పరీక్ష నెగ్గిన వస్తువు.

పానాలు ఎన్ని అనే ప్రశ్నకు తక్కువ అనే జవాబు. ఇంగ్లిషు బండి గనక అంగుళాల కొలత పానాలు నాలుగైదు, ప్లగ్ పానా, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్, బైండింగ్ వైరు చుట్ట, కరెంటు టేపు, టార్చి. ఇవి గుడ్డలో చుట్టి ఉంటే గుంతల్లో గలగలమనవు.

మొత్తం సంచిలో అన్నిటికన్నా అగ్గువ, అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు సైకిల్ ట్యూబు ముక్క. మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దాటాక రేడియేటర్ పైపు పగిలిందనుకుందాం. బానెట్ కింద నుంచి ఆవిరి, సీట్లో తడిసిన చొక్కా. ముందు చెయ్యాల్సిన పని ఏమీ చెయ్యకపోవడం. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న నీళ్లు మొహాన కొడతాయి, అరగంట చెట్టుకింద కూర్చోవలసిందే. చల్లారాక పైపుని తుడిచి, ట్యూబు ముక్కని బాగా సాగదీస్తూ ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా చుట్టి, రెండు కొసల్నీ బైండింగ్ వైరుతో బిగించాలి. నీళ్లు నింపి, లోపల ఒత్తిడి పెరగకుండా మూతని వదులుగా ఉంచి, నెమ్మదిగా పోతే ఊరు చేరొచ్చు. రేడియేటర్‌కే సూదిబెజ్జమంత చిల్లు పడితే వంటింటి వైద్యం ఉంది: పసుపు. గుప్పెడు పసుపు నీళ్లలో కలిపి పోస్తే ఆ ముద్ద చిల్లు దగ్గర పేరుకుని కారడం తగ్గుతుంది. ఇంటికెళ్లాక రేడియేటర్ కడిగించకపోతే మాత్రం అదే పసుపు సన్నటి గొట్టాల్లో అడ్డం పడుతుంది.

ఫ్యాన్ బెల్టు తెగితే ఇలాంటి చిట్కాలేవీ నిలబడవు. వాటర్ పంపు, ఫ్యాను, బ్యాటరీకి కరెంటు ఇచ్చే డైనమో, మూడూ దానిమీదే తిరుగుతాయి. డాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగిందంటే వెంటనే ఆపాలి. మేజోడు కడితే సరిపోతుందనే మాట ప్రపంచమంతా తిరుగుతోంది గానీ దాన్ని నమ్ముకున్నవాళ్లు ఎక్కువ దూరం పోలేరు. బెల్టు బెల్టే, ఒకటి సంచిలో ఉండాలి.

మేజోడు మాట వచ్చింది గనక, ఈ విద్యకి మూలపురుషుడు లేడు, మూలస్త్రీ ఉంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన కనిపెట్టిన మూడు చక్రాల కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దారి వంద కిలోమీటర్ల పైమాట. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది, కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది.

మన ఎండల్లో పాత కార్లకు ఇంకో జబ్బు, పెట్రోలు దారిలోనే ఆవిరైపోవడం. అంబాసిడర్‌కీ తప్పదు, ప్రీమియర్ పద్మినికైతే ఇది పేరుపడ్డ బాధ. ఇంజన్ పక్కనే ఉండే పంపు వేడెక్కి, లోపల ఆవిరి చేరి, కార్బురేటర్‌కి చుక్క అందదు. తడిగుడ్డ పంపు మీద వేసి పది నిమిషాలు ఆగితే దారికొస్తుంది. డిక్కీలో అయిదు లీటర్ల నీళ్ల డబ్బా రేడియేటర్ కోసమే కాదు, ఈ గుడ్డ కోసం కూడా. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు దానికి తట్టుకోదు, ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది. అందుకని ఇథనాల్‌కి ఆగే పెట్రోలు పైపు ఒక అడుగు, క్లిప్పులు, పంపు డయాఫ్రమ్ కొత్తగా సంచిలో చేరాయి. ట్యాంకు చెమర్చితే బట్టల సబ్బు రుద్దే పాత పద్ధతి ఇంకా పనిచేస్తోంది, సబ్బు పెట్రోల్లో కరగదు మరి.

మంటలార్పే సిలిండర్ మాత్రం డిక్కీలో ఉండకూడదు, డ్రైవర్ చేతికందేలా ఉండాలి. ఈ ఇంజన్లో కార్బురేటర్ సరిగ్గా మండే ఎగ్జాస్టు గొట్టాల పైనే కూర్చుంటుంది. ఒక్క చుక్క కారినా జరగరానిది జరగొచ్చు.

స్టెప్నీ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ మాట మాత్రం వేల్స్‌లోని లనెల్లీ పట్టణం, స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. కార్లకి అదనపు చక్రమే లేని 1904 రోజుల్లో అక్కడ డేవీస్ అన్నదమ్ములు, గాలిపోయిన చక్రానికి పక్కన బిగించే టైరున్న రిమ్ము తయారుచేశారు. ఇంగ్లిషువాళ్లు ఆ పేరు ఎప్పుడో మరిచిపోయారు, మనం నేటికీ గాలి కొట్టించి మరీ వాడుతున్నాం. దానికి తోడు జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవు చెక్కముక్క కావాలి, నల్లరేగడి అంచుల్లో చెక్క లేకుండా జాకీ నిలవదు. చక్రాలకి అడ్డంగా చెక్క గూటాలు రెండు. రోడ్డుపక్క బండరాళ్లు పెట్టి, పని కాగానే వాటిని రోడ్డు మీదే వదిలిపోయే అలవాటు మనవాళ్లకి ఉంది. రాత్రిపూట మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడి ప్రాణం మీదికి వచ్చేది ఆ రాళ్లే.

దసరాకి ఆయుధపూజ నాడు ఈ సంచి మొత్తం వాకిట్లో బోర్లిస్తారు. పానాలు కిరోసిన్‌తో తుడిచి, వరసగా పేర్చి, కుంకుమ బొట్లు పెడతారు. బెల్టు ఎండి పగిలిందా, టార్చిలో సెల్లు కారిందా అన్నీ ఆరోజు తెలుస్తాయి. కిందటి వేసవిలో రోడ్డు మీద ఎవరికో సాయానికిచ్చిన ఫీలర్ గేజ్ తిరిగి రాలేదని కూడా.