విగ్రహమా, స్వరూపమా?

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట యను మూడూళ్లు నొక్కటిగా నల్లుకొనిన యీ నగరమునందు క్రైస్తవమతము రెండు ముఖములతో గానవచ్చుచున్నది. కాజీపేటలోని ఫాతిమామాత ఆలయము కతోలికులది. 1952వ సంవత్సరమున నేర్పడిన వరంగల్లు మేత్రాసనమున కదియే ప్రధానాలయము. మరియమాత స్వరూపము, శిలువపై వ్రేలాడు క్రీస్తు ప్రతిమ, పూలదండలు, క్రొవ్వొత్తులు అచ్చటి భక్తికి సహజాలంకారములు. హనుమకొండలో 1879వ సంవత్సరమున అమెరికా బాప్తిస్టు మిషనువారు పని నారంభించిరి. ఆ సంప్రదాయమునుండి పెరిగిన సంఘములలో వాక్యమునకు దప్ప ప్రతిమకు జోటు లేదు. ఒకరు రెండవవారిని విగ్రహారాధకులని నిందింతురు. రెండవవారు తమది ఆరాధన కాదనియు, గౌరవమాత్రమే యనియు బదులు చెప్పుదురు. ఈ రెండు కుటుంబముల నడుమ వియ్యము కుదిరినప్పుడు, కోడలు తెచ్చుకొనిన మరియమాత పటమును గోడకు దగిలింపవచ్చునా యను ప్రశ్నయే యింటి శాంతిని జెరుపజాలును. కాబట్టి యీ వివాదము పండితులకే విడువదగినది కాదు.

మొదట శాసనమును విచారింతము. నిర్గమకాండము ఇరువదవ యధ్యాయమున ఏ రూపమును జేసికొనరాదనియు, దానికి సాగిలపడి పూజింపరాదనియు నున్నది. మొదటి మాటను మాత్రమే పట్టుకొన్నచో శిల్పమే పాపమగును. కాని యదే గ్రంథము ఇరువదియైదవ యధ్యాయమున మందసముమీద బంగారు కెరూబుల నిలుపుమని యాజ్ఞ యున్నది. సంఖ్యాకాండమున మోషే దైవాజ్ఞచేతనే యిత్తడి సర్పమును జేసి నిలిపెను. ఆ సర్పమునకే కాలాంతరమున జనులు ధూపము వేయసాగిరి. అంతట హిజ్కియా రాజు దానిని ముక్కలు గావించెనని రాజుల రెండవ గ్రంథము చెప్పుచున్నది. ఒకే వస్తువు ఒక కాలమున ప్రాణరక్షకమై, మరియొక కాలమున విధ్వంసార్హ మయ్యెను. మారినది లోహము కాదు, మనుష్యుల వర్తనము. ఈ వివాదమున కిదియే తాళపుజెవి యని మా యభిప్రాయము.

కతోలికులు ఈ యాజ్ఞను బైబిలునుండి తొలగించిరన్న నింద యొకటి లోకమున వ్యాపించియున్నది. అది యసత్యము. కతోలికులును, లూథరనులును దీనిని మొదటి యాజ్ఞలో భాగముగా నెంచి, పరుల సొత్తు నాశింపరాదను కడపటి దానిని రెండుగా విభజింతురు. తక్కిన ప్రొటెస్టంటులలో బెక్కురు దీనిని రెండవ యాజ్ఞగా లెక్కింతురు. లెక్క వేరు, వాక్య మొక్కటే. అయినను, పిల్లలచే వల్లె వేయించు సంక్షిప్తపాఠములలో నీ మాటలు మరుగుపడుట కలదు. ప్రతిమలను నిలుపు సంఘమే యీ యాజ్ఞను తక్కినవారికంటె నెక్కువగా బోధింపవలయును గదా!

ఇక తెలుగుమాటను గూర్చి. మన బైబిలు అనువాదకులు విగ్రహ మను పదమును గ్రహించిరి. మన భాషలో నది రాతిబొమ్మకే కాక దేహమునకును, గుడిలోని దేవునికిని వాడుకగా నున్న మాట. దానిచేత నొక చిక్కు గలిగినది. శాసనమును విన్న తెలుగు క్రైస్తవునకు తన దోషము స్ఫురింపక, పొరుగువాని గుడి స్ఫురించుచున్నది. కతోలికులు తమ ప్రతిమలను స్వరూపము లందురు. బలియర్పణమును దివ్యపూజ యందురు. పూజ యను పదమును జంకులేక గైకొని, విగ్రహ మను పదమును మాత్రము దూరముంచుట విచిత్రమే. పేరు మార్చినంతమాత్రమున క్రియ మారదు. అట్లే, పేరు చూచి క్రియను నిందించుటయు న్యాయము కాదు.

చరిత్రమును జూతము. క్రీ. శ. 600 ప్రాంతమున మార్సేయి బిషపు సెరేనుసు ప్రతిమలను బగులగొట్టింపగా, పోపు గ్రెగొరీ యాయనకు లేఖ వ్రాసి, వానిని బూజింపరాదు, పగులగొట్టనురాదు, చదువురానివారికి చిత్రమే పుస్తకమని తెలిపెను. 787లో నైసియా మహాసభ, దేవునికే చెల్లు ఆరాధనమును, ప్రతిమకు జూపు వందనమును వేరుపరచెను. 1563లో ట్రెంటు మహాసభ ప్రతిమలలో దైవత్వము గాని శక్తి గాని లేదనియు, వానిని వరములు కోరరాదనియు, గౌరవము మూలపురుషునికే చెందుననియు నిర్ణయించెను. ప్రొటెస్టంటులందరు నొక్కదారిని నడిచినవారు కారు. 1524లో జూరిచ్ నగరమున ప్రతిమలను దొలగించిరి. అంతకు రెండేండ్లకు ముందే విటెన్‌బర్గునందు లూథరు, బలాత్కారముగా బగులగొట్టుటను ఖండించెను. అంతదూర మేల? మన తెలంగాణలోనే మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించి 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠ గావించిన మెదకు దేవాలయమున క్రీస్తు జననమును, శిలువమరణమును, ఆరోహణమును వర్ణించు రంగుటద్దముల కిటికీలు వెలుగుచున్నవి. అవి రూపములే. అయినను వానిముందు టెంకాయ గొట్టువాడు లేడు.

నిజమైన విమర్శ యిచ్చట మొదలగును. గుణదలమాత యుత్సవమున లక్షలాది జనులు చేరుదురు. కొందరు తల నీలాలిత్తురు, టెంకాయలు గొట్టుదురు, మ్రొక్కులు చెల్లింతురు. ఆ భక్తుల హృదయమును దూరమునుండి తూచు నధికారము మాకు లేదు. కాని యొక గుర్తు చెప్పవచ్చును. మరియమ్మ యొక్కతెయే గదా! ఈ యూరి మాత యా యూరి మాతకంటె శక్తిగల దని యెవరైన దలచిరేని, వారి విశ్వాసము మరియమ్మను విడిచి మట్టిని జేరినదన్నమాట. ట్రెంటు సభ వలదన్నది సరిగా నిదియే. ఆ మాటను గుడి లోపలనే ఫాదరులు చెప్పవలయును. వెలుపలినుండి ప్రొటెస్టంటులు చెప్పిన నది కలహముగా వినబడును.

ప్రొటెస్టంటు సోదరులును దమ గోడ శూన్యముగా నున్నదని యుప్పొంగరాదు. ప్రార్థించి యిచ్చిన నూనెసీసాయందు శక్తి యున్నదని నమ్ముట, దిండుక్రింద బైబిలు నుంచినచో దయ్యము రాదనుకొనుట, సభల ఫ్లెక్సీలపై క్రీస్తు పేరుకంటె బోధకుని ముఖము పెద్దదగుట — ఇవియన్నియు నేమి? ఉలి తగులనంత మాత్రమున విగ్రహము కాకపోదు.

మరియు, గౌరవమునకు నారాధనమునకు భేద మున్నదని తనకొఱకు వాదించు కతోలికుడు, రాయి దేవుడు కాదు, గుర్తు మాత్రమే యని చెప్పు హిందువు మాటను గూడ నంతే యోర్పుతో వినవలయును. ప్రాణప్రతిష్ఠ మొదలగు నాగమవిధులచే దైవసాన్నిధ్యము నాహ్వానించుట వేరని మే మెరుగుదుము. ఆ భేదమును దాచ నక్కరలేదు. కాని యీ విచారము మన దేశమునకు గ్రొత్తది కాదు. వేమన రాళ్లపూజను బరిహసించెను. వీరేశలింగము పంతులుగారు విగ్రహారాధనమును ఖండించిరి. వీరశైవులు గుడిలోని లింగమును గాదని, దేహముపై ధరించిన లింగమునే యాశ్రయించిరి. పాలకుర్తి సోమనాథుని పుట్టుకచే బ్రసిద్ధమైన యీ సీమవారికి, రూపమా యరూపమా యను తర్కము పడమటినుండి దిగుమతి యైనదని చెప్పనేల?

ఈ విషయమున నన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. 1878 జూలై 3వ తేదీని ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ మిషనులో నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో నధికసంఖ్యాకులు గుడివాకిలి మూసివేయబడిన కులములవారు. వారి దుఃఖము విగ్రహ మున్నదని కాదు, దానిని సమీపించు హక్కు తమకు లేదని. అట్టివారి సంతతిలోని యొక ముసలిది నేడు మరియమాత పాదములను దన చేతితో దాకుచున్నది. ఆ స్పర్శలో నెన్ని తరముల నిషేధము తొలగినదో తెలియక దానిని వట్టి విగ్రహారాధన మనువాడు తొందరపడుచున్నాడు. అట్లే, మధ్యవర్తి లేని దేవుని కొఱకు వచ్చినవారికి మరల నొక వాకిలిని గట్టి, కావలివాని నిలుపువాడును — అతడు గుడిపెద్ద యైనను, బోధకుడైనను — వారి త్యాగమును వమ్ము చేయుచున్నాడు.

ఉభయపక్షములవారి యిండ్లలోను బగులగొట్టబడక నిలిచిన విగ్రహ మొకటి కలదు. అది కులము. పెండ్లిమాట వచ్చినప్పుడు బాప్తిస్మము వెనుకబడి కులము ముందునకు వచ్చుట తెలుగు క్రైస్తవులలో నపూర్వము కాదు. ఎవని ముందు మన మనస్సు సాగిలపడునో వాడే మన దేవుడైనచో, ఈ దేవునికి మొక్కని సంఘ మేది?

కాబట్టి మేము చెప్పునది యిది. ప్రతిమ దారి చూపినంతకాలము దానిని నిలుపుడు. అదియే గమ్యమైననాడు హిజ్కియావలె దొలగింపుడు. హిజ్కియా పగులగొట్టినది తన దేశపు సర్పమునే, పరుల దేవళమును గాదని మరువకుడు. కోడలి పటమును గోడనుండి దీయించుటకు ముందు, సంబంధము వెదకునాడు తాము మొదట విచారించిన దేమో అత్తమామలు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక.