పన్నెండు కొట్టే దాకా

"చార్మినార్‌కు నలభై నిమిషాలు. ఆలస్యమైతే బస్సు ఆగదు." పోయిన ఆదివారం గైడ్ మైకులో ఈ మాట అనగానే నాకు ఒళ్లు మండింది. 1591లో లేచిన కట్టడానికి నలభై నిమిషాలా? పైకి వెళ్లే మెట్లే 149. ఎక్కి, ఊపిరి తీసుకుని, దిగేసరికి హారన్ కొడతారు.

అక్కావాళ్లు సెలవులకు కరీంనగర్ నుంచి వచ్చారు. బావ ముందే టికెట్లు తీసేసుకున్నాడు. ఉప్పుగూడలో పుట్టి పెరిగినవాణ్ణి, రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఇల్లు. మా ఊరిని నేను టూరిస్టు బస్సెక్కి చూడటమేమిటని రాత్రంతా గునిశాను. అమ్మను తీసుకెళ్లింది కూడా అక్క చిన్నకొడుకు కోసమే. వాడికి మూడేళ్లు, ఆమె ఒడి దిగడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టు తెలుసు. రోజుకు ఒక్క చోటే చూడాలి, చూడటమంటే కూర్చోవాలి. ఆ పట్టు నాకు పైగా వంశం వాళ్ల సమాధుల దగ్గర కుదిరింది. పదో తరగతి సెలవుల్లో సైకిల్ మీద పిసల్‌బండ దాకా పోయేవాణ్ణి. సున్నపు గచ్చుతో తీర్చిన పూలు, తీగలు, ఆ పక్కన జాలీలు. మధ్యాహ్నం వెళ్తే జాలీ నీడ గోడ వారన సన్నగా ఉండేది. పొద్దు వాలేకొద్దీ ఆ నక్షత్రాలు, ఆకులు నేల మీద పాకి నా చెప్పుల దాకా వచ్చేవి. అవి చెప్పులు దాటిపోయాక లేచేవాణ్ణి. 1893 నాటికి ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టి ముగించిన వికారుల్ ఉమ్రా సమాధి కూడా అక్కడే ఉంది. గుట్ట మీద అంత మేడ కట్టినవాడు చివరికి ఈ జాలీల నీడకే వచ్చాడు. మా టూరు బస్సు అక్కడ ఆగదు. ఎందుకు ఆగదో రాద్దామనే ఆదివారం జేబులో నోట్‌బుక్ పెట్టుకుని బయల్దేరాను.

నేను చార్మినార్ దిగి వచ్చేసరికి అమ్మ కింద కట్ట మీద కూర్చుని, బస్సులో పక్క సీటు విశాఖపట్నం ఆవిడకు బోనాల సంగతి చెబుతోంది. "గీ తొవ్వనే ఏనుగు మీద ఘటం పోతదమ్మా, అక్కన్న మాదన్న గుడి నుంచి నయాపూల్ దాంక. మా ఉప్పుగూడ మహంకాళి ఘటం సుత ఎంబడి పోతది." ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. గైడ్ చెప్పినదాని కంటే అమ్మ చెప్పిందే చుట్టూ మరో నలుగురు విన్నారు.

తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం. మేలిముసుగు రెబెక్కా ముందు అమ్మ ఆగిపోయింది. పాలరాతిలో ఆ ముఖాన్ని ముసుగు చాటు నుంచి కనిపించేలా 1876లో బెంజోనీ చెక్కాడు. "రాయికి తడిచీర కట్టినట్టున్నది" అంది. పన్నెండవుతుండగా అందరం అక్కడి గంటల గడియారం ముందు చేరాం. పిల్లలు భుజాలెక్కారు. గడియారంలోంచి గడ్డం మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టడం మొదలుపెట్టింది. అమ్మ మనవడి వేళ్లు పట్టుకుని లెక్కపెట్టింది. పదికి వేళ్లయిపోతే తన వేళ్లు రెండు కలిపింది. జనం లేచి వెళ్లిపోయారు. ఆమె లేవలేదు.

"అమ్మా, బస్సు పోతది."

"నలభై ఆరేండ్లాయె బిడ్డా ఉప్పుగూడకొచ్చి. గాజుల కోసం లాడ్‌బజార్‌కు వస్తి, పోతి. గిది ఎన్నడన్న చూస్తినా? పొయ్యి ఇడిసిపెట్టి ఎట్ల వస్త? నువ్వు పైగాలకు పోతే పొద్దుగూకినంక వస్తుంటివి. అన్నం మీద మూత పెట్టి నేను కూసుంటుంటి. ఇయ్యాల టికెట్ కొన్నరు గద. రావద్దనెటోళ్లు లేకపాయె."

నోట్‌బుక్ జేబులోనే ఉండిపోయింది. నా జాలీ నీడలకు, తీరుబడి చూపుకు ఇన్నేళ్లూ లెక్క కట్టిందెవరో నాకెన్నడూ తట్టలేదు. నలభై నిమిషాలు చాలవని నేను కోప్పడ్డాను. ఇంటి పని చేతిలో లేకుండా అమ్మ చార్మినార్ కింద కూర్చున్నది అదే మొదటిసారి. బస్సులో ఆడవాళ్లను అప్పుడు చూశాను. ఒడిలో టిఫిన్ డబ్బా, చేతిలో తువ్వాలు, మొహం కిటికీకి. వాళ్లలో చాలామందికి ఊరు చూడటానికి ఎవరో టికెట్ కొనడమే దారి. ఒంటరిగా వెళ్లి గంటలు కూర్చొమ్మని రాసే నా కాలమ్ వాళ్లకు ఏ పనికీ రాదు. ఇలాంటి బస్సులు ఇంకా నడవాలి, వాటిల్లో వాళ్లే ముందు సీట్లలో కూర్చోవాలి.

బుధవారం అక్కావాళ్లు వెళ్లిపోయారు. పైగాలకు పోదామా అని అడిగాను. "బస్సు పోతదా?" అంది. పోదన్నాను. "మరి వంటెట్ల?"

గురువారం పొద్దున్నే అన్నం, పప్పు నేను వండాను. మూత పెట్టి ఇద్దరం బయల్దేరాం.