సుడి కేంద్రం ఎక్కడ?

‘తుపాను మళ్లీ దారి మార్చింది!’ టీవీలో ఈ కేక విన్నప్పటి నుంచి ఈ కాలమిస్టుకు వారమంతా చిరాకే. 2022 మేలో అసని తుపానుదీ ఇదే కథ. సముద్రంలోనే మలుపు తిరిగి వెళ్లిపోతుందన్నారు. చివరికి మే 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది. ఇన్నిసార్లు మారే సూచనను నమ్మి అంతర్వేది మత్స్యకారులు ఏం చేయాలి?

సూచన ఎందుకు మారుతుందో తెలియాలంటే పాత రేవు కోరంగి నుంచి మొదలుపెట్టాలి. 1839 నవంబరులో ఉప్పెన ఆ రేవును ముంచేసింది. కలకత్తాలో ఉన్న తుపాన్ల పరిశోధకుడు హెన్రీ పిడింగ్టన్ ఆ తుపానుపై ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకున్నాడు. ఏ గంటకు గాలి ఎటు నుంచి వీచింది, బారోమీటర్ ఎంత చూపింది అన్నవే ఆయన ఆధారాలు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం ఇంచుమించు కుడివైపున ఉంటుంది. ఒక్క ఓడతో దిక్కు మాత్రమే తెలుస్తుంది. రెండో ఓడ దిక్కు కూడా గీస్తే, ఆ రెండు గీతలు కలిసేచోట సుడి దొరుకుతుంది. మర్నాటి లెక్క కూడా కలిపితే దాని దారి తెలుస్తుంది. 1848లో ఆయన నావికుల కోసం రాసిన పుస్తకంలో, పటం మీద పరిచి చూసుకునే పారదర్శక తుపాను పలకలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, సముద్రంలో తేలుతూ కొలతలు పంపే బోయాలున్నాయి, మచిలీపట్నం, విశాఖల్లో డాప్లర్ రాడార్లున్నాయి. అయినా నడిసముద్రంలో కొలతలు తక్కువే. రాడార్‌కు తుపాను చిక్కేది తీరానికి దగ్గరపడ్డాకే. అట్లాంటిక్‌లోలా తుపానులోకి విమానాలు పంపి కొలిచే ఏర్పాటు బంగాళాఖాతంలో లేదు.

ఈ కొరతను పూడ్చేది డేటా అసిమిలేషన్. కంప్యూటర్ మోడల్ ముందే వేసిన అంచనాను, కొత్తగా వచ్చిన కొలతను పక్కపక్కన పెట్టి, దేనిలో పొరపాటుకు ఎంత అవకాశముందో చూసి, ఆ మేరకు దేనికెంత విలువో కడతారు. సుడి విషయంలో ఇక్కడో చిక్కుంది. మోడల్ సుడి ఒకచోట, అసలు సుడి యాభై కిలోమీటర్ల అవతల ఉంటే, రెంటికీ సగటు తీసినప్పుడు నీరసమైన రెండు సుడులు మిగులుతాయి. అందుకే చాలా పద్ధతుల్లో ముందు మోడల్ సుడిని సరైన చోటికి జరిపి, ఆ తర్వాతే కొలతలు కలుపుతారు.

ఇదంతా తెలిశాక ఆ చిరాకు నిలవదు. కొత్త కొలత వచ్చినా కదలని తుపాను దారి గీతనే అనుమానించాలి.

చానళ్లు మాత్రం ఆ ఒక్క గీతను పక్కనపెట్టి, తుపాను వెళ్లగల మేరనంతా చూపే శంకువును చూపించాలి. కన్ను తీరం దాటే చోటికి ఉత్తరాన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, దక్షిణాన వెనక్కి నెడుతుంది. యాభై కిలోమీటర్ల తేడాతో ఉప్పెన ఊరే మారిపోతుంది. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ నష్టం మళ్లీ రాకూడదంటే, ఆ తీరంలోని అంతర్వేది, భైరవపాలెం రెండూ శంకువులో ఉన్నప్పుడు రెండూళ్లనూ ఒకేరోజు ఖాళీ చేయించాలి. గీత పక్కకు జరిగిందని ఒక ఊరిని వదిలేయకూడదు.