న్యాయవిద్యా పాఠ్యప్రణాళికలో తెలుగు: ఒక విమర్శ

లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ నుంచి ఒకవైపు రెండో స్టేషన్ నాంపల్లి. అక్కడ క్రిమినల్ కోర్టులున్నాయి. మరోవైపు నాలుగో స్టేషన్ అమీర్‌పేట. దానికి చేరువలో ఎల్లారెడ్డిగూడలో పడాల రామారెడ్డి న్యాయ కళాశాల ఉంది. ఈ ఆరు స్టేషన్ల దూరంలో చదువు భాష వేరు, సాక్షి భాష వేరు. ఈ అంతరాన్ని న్యాయవిద్యా పాఠ్యప్రణాళిక ఎలా చూస్తున్నది, లేదా చూడటం లేదు అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

దేశంలోని న్యాయ కళాశాలల పాఠ్యక్రమానికి ఆధారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన 2008 నాటి న్యాయవిద్యా నియమావళి. మూడేళ్ల కోర్సుకైనా, ఐదేళ్ల సమీకృత కోర్సుకైనా తప్పనిసరి న్యాయశాస్త్ర పత్రాలు 20. వీటికి తోడు వృత్తి శిక్షణకు సంబంధించిన పత్రాలు 4, ఆపైన ఐచ్ఛికాలు. మూడేళ్ల విద్యార్థి కనీసం 12 వారాలు, ఐదేళ్ల విద్యార్థి కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధనా మాధ్యమం ఆంగ్లం. విశ్వవిద్యాలయం మరో భాషలో బోధనను గాని, పరీక్షను గాని అనుమతిస్తే ఆ విద్యార్థి ఆంగ్లాన్ని ఒక తప్పనిసరి పత్రంగా చదవాలి.

ఈ చివరి నిబంధనను జాగ్రత్తగా చదవాలి. ప్రాంతీయ భాషలో చదివినవాడికి ఆంగ్లం కొరవడుతుందని నియమావళి ఊహించింది. ఆంగ్లంలో చదివినవాడికి కక్షిదారు భాష కొరవడవచ్చునన్న ఊహ మాత్రం దానికి లేదు. హైకోర్టు, సుప్రీంకోర్టు కార్యకలాపాలకు రాజ్యాంగం 348వ అధికరణం ఆంగ్లాన్ని నిర్దేశించింది కాబట్టి ఇది సహజమేనని వాదించవచ్చు. అయితే వ్యాజ్యం పుట్టేది హైకోర్టులో కాదు. సాక్ష్యాన్ని ఏ భాషలో నమోదు చేయాలో క్రిమినల్ ప్రక్రియా స్మృతి 277వ సెక్షను చెప్పింది. ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం ఉంటే బహిరంగ న్యాయస్థానంలోనే అతనికి అర్థమయ్యే భాషలో వినిపించాలని 279వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త స్మృతి కూడా ఈ ఏర్పాట్లను నిలుపుకొన్నది. అంటే అనువాదం విచారణలో అంతర్భాగమని చట్టమే అంగీకరించింది. దాన్ని ఎవరు, ఎక్కడ నేర్చుకోవాలో పాఠ్యప్రణాళిక చెప్పలేదు.

బంధువాచకాలను చూస్తే ఈ లోపం తీవ్రత తెలుస్తుంది. పెదనాన్న, బాబాయి, మేనమామ ముగ్గురూ ఆంగ్ల వాంగ్మూలంలో ‘అంకుల్’ అయిపోయే ప్రమాదం ఉంది. హిందూ వారసత్వ చట్టం, 1956 అనుబంధంలోని రెండో తరగతి వారసుల్లో తండ్రి సోదరుడిది ఏడో పద్దు, తల్లి సోదరుడిది తొమ్మిదో పద్దు. ముందు పద్దులోని వారసుడు ఉండగా తర్వాతి పద్దువారికి వాటా రాదు. ఇక్కడ ఒక్క మాట ఆస్తిని చేతులు మార్చగలదు. తెలుగు మాట కూడా ఎల్లవేళలా స్పష్టం కాదు. ‘చిన్నమ్మ’ అంటే తల్లి చెల్లెలు కావచ్చు, బాబాయి భార్య కావచ్చు. మొదటి ఆమెకు వారసత్వ పట్టికలో చోటున్నది, రెండో ఆమెకు ఆ బంధుత్వం వల్ల లేదు. “మీ చిన్నమ్మ అమ్మ తరఫా, నాన్న తరఫా?” అని అడగాలన్న స్పృహ కలిగించేది తెలుగు బంధువాచకాల పరిజ్ఞానమే.

చరిత్ర మరో హెచ్చరిక చేస్తుంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. పాఠ్యగ్రంథాల కోసం అంతకు ముందటి ఏడాదే అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని ఆ ప్రయోగం నిరూపించింది, నిజమే. కానీ హైదరాబాద్ రాజ్యంలోని తెలుగు రైతుకు అదీ పరాయి భాషే. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఆంగ్లం వచ్చింది. రెండు దశల్లోనూ తెలుగు బోనులోనే నిలబడింది.

ఆ కచేరీ భాష తెలుగులో వదిలిన ముద్ర బలమైనది. దావా, ఫిర్యాదు, వకాల్తా, జామీను, దస్తావేజు, జప్తు మనకు పరాయి మాటలుగా తోచవు. వీటిలో విచిత్రమైనది ‘ముద్దాయి’. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి నేరారోపణకు గురైనవాడు. మాట పక్షం మార్చుకొన్నది. ఇలాంటి మాటల చరిత్రను భాషాశాస్త్ర విద్యార్థి చదువుతాడు. రోజూ వాటితో పనిపడే న్యాయ విద్యార్థికి మాత్రం ఆ అవకాశం లేదు.

కొత్త చట్టాల పేర్లు ఈ చిక్కును పెంచాయి. ‘నాగరిక్ సురక్షా సంహిత’లోని ‘నాగరిక్’ హిందీలో పౌరుడు. తెలుగు పాఠకుడికి ‘నాగరిక’ అనగానే నాగరికతే స్ఫురిస్తుంది. సంస్కృత సమం గనుక అందరికీ ఒకేలా అర్థమవుతుందన్న నమ్మకం ఎంత బలహీనమో ఈ ఒక్క మాట చాలు.

బోధన మొత్తాన్ని తెలుగులోకి మార్చాలన్నది నా ప్రతిపాదన కాదు. పై కోర్టుల భాష మారనిదే అది విద్యార్థికి నష్టం చేస్తుంది. న్యాయస్థాన తెలుగుపై ఒక పత్రం ఉండాలి. అందులో వాంగ్మూల అనువాదం, దస్తావేజుల భాష, మాండలిక భేదాలు, కచేరీ పదజాలం పాఠ్యాంశాలు కావాలి. వృత్తిరీత్యా న్యాయవాది అయిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ అక్కడ ఉపవాచకంగా ఉండదగినది. మద్యనిషేధ చట్టం కింద పట్టుబడ్డవారి మాట కోర్టులో ఏమవుతుందో అందులో కనిపిస్తుంది.

ఇందుకు నియమావళి అడ్డుకాదు. ఐచ్ఛిక పత్రాలలో కొత్తవి చేర్చుకొనే వెసులుబాటు విశ్వవిద్యాలయాలకున్నది. అడ్డు మన వైపు కూడా ఉంది. తెలుగు శాఖలు కావ్యభాషకు ఇచ్చిన గౌరవాన్ని కచేరీ భాషకు ఇవ్వలేదు. వాంగ్మూలాలను, దస్తావేజులను పరిశోధన సామగ్రిగా స్వీకరించిన సిద్ధాంత గ్రంథాలు మన దగ్గర తగినన్ని లేకపోతే, రేపు ఒక న్యాయ కళాశాల ఆ పత్రాన్ని ప్రవేశపెట్టి అధ్యాపకుణ్ణి పంపమన్నా పాఠ్యగ్రంథం మన చేతిలో ఉండదు.